నాలుగో పలకలో కన్ను

వల్దీవియాలో వాన పడని రోజుని
క్యాలెండర్‌లో సున్నా చుట్టి పెట్టుకుంటాం.
మిగతా రోజులన్నీ బూట్లతోనే ఇంట్లోకొస్తాయి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని
ఎండ కాసే ఊరివాళ్ళెవరో అని ఉంటారు.
ఇక్కడ తొక్కక తప్పదు.
కడిగేది నేను.

పాత నేల రౌలీ చెక్కది. ఎర్రటి చేవ.
పెళ్ళైన ఏడాది నెమెసియో
తన చేత్తో చిత్రిక పట్టి పరిచాడు.
పద్దెనిమిదేళ్ళు మమ్మల్ని మోసింది.
పోయిన చలికాలం కిటికీ కింద ఉబ్బింది,
వంటింటి గుమ్మం దగ్గర మెత్తబడింది.
ఒక ఆదివారం మా చిన్నది ఫ్లోరెన్సియా
మడమ దాకా దిగబడిపోయి
"అమ్మా, ఇల్లు నన్ను కొరికింది" అని అరిచింది.

ముగ్గురు పిల్లలు, రెండు కుక్కలు,
ఆసుపత్రిలో నా రాత్రి డ్యూటీలు,
పడవల షెడ్డు నుంచి జిగురూ పొట్టూ
ఒంటి మీద మోసుకొచ్చే మొగుడు.
మళ్ళీ రౌలీయే వేయాలంటే
ఒక పడవ అమ్మాలి.
అదీ మాది కాని పడవ.

దుకాణంలో అమ్మాయి పదకొండు ముక్కలిచ్చింది.
చెక్కలా ఉంటాయి, చెక్క కావు.
ఓక్, వాల్‌నట్, "ఉత్తరపు పొగమంచు" అనే బూడిద రంగొకటి.
నీళ్ళు పట్టవు, ఇరవై ఏళ్ళు హామీ అంటూ
గోరుతో గీకి చూపించింది.
నీ గోరు సరే తల్లీ,
మా కుక్కల గోళ్ళు చూసి మాట్లాడు.

వారం రోజులు మా ఇల్లే పరీక్ష హాలు.
బకెట్లో రెండు రాత్రులు మునిగిన ల్యామినేట్
అంచులు నానిన అటుకుల్లా ఉబ్బాయి.
వినైల్ చలించలేదు.
పెద్దాడు ఎలియాసర్ ఫుట్‌బాల్ బూట్లతో ఒకదాని మీద గంతులేశాడు.
ఇంకోదాని మీద వేడి మాతే ఒలికింది,
ఎవరొలకబోశారో ఎవరూ ఒప్పుకోలేదు.
నల్లకుక్క ఒక ముక్కని నోట కరుచుకెళ్ళి
పెరట్లో పాతిపెట్టింది.
మూడో రోజు దొరికింది. తుడిస్తే కొత్తదే.
దాన్నే కొన్నాం.

నెమెసియో ఆ ముక్కని చెవి దగ్గర పెట్టుకుని
పుచ్చకాయని కొట్టినట్టు వేలితో కొట్టాడు.
"పేరుకి పలకే గానీ పలకదు."
వాసన చూశాడు.
"కొత్త చెప్పులు."

అయినా పరిచింది అతనే.
అంచులు క్లిక్కుమంటూ వాటంతటవే కలుసుకుంటుంటే
సుత్తి పక్కన పెట్టి
పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా కాసేపు కూర్చున్నాడు.
మూడో వరసలో ఆగాడు.
"ఈ కన్ను చూడు."
బాదం గింజంత ముడి, పక్కన సన్నటి చీలిక.
"మళ్ళీ ఇక్కడ. అదిగో, అక్కడ.
నాలుగో పలక వచ్చిందంటే అదే కొమ్మ విరుగుతుంది.
ఒకే చెట్టు, ఒకే గాలివాన."

పిల్లలకి అదే ఆటైంది.
కన్ను నుంచి కన్నుకి దూకాలి,
మధ్యలో కాలు పడితే నది,
నదిలో సీ లయన్లు కాలు పట్టి లాగుతాయి.
డ్యూటీ దిగి వచ్చిన ఒక తెల్లవారుజామున
ఎవరూ చూడకుండా
నేనూ రెండు కళ్ళు దూకాను.

తుడవడానికి ఒక్క గుడ్డ, పది నిమిషాలు.
పద్దెనిమిదేళ్ళు మోకాళ్ళ మీద మైనం రుద్దినదాన్ని,
అబద్ధం ఇంత తొందరగా ఆరుతుందంటే
నాకు హాయిగానే ఉంది. సిగ్గేం లేదు.

జూన్‌లో తండ్రీకొడుకులు కట్టెల పొయ్యి జరిపారు.
ఇనుప కాలు కింద దుప్పటి జారింది.
కిర్రుమని
జానెడు గీత, కొడవలిలా వంగి.
ఎలియాసర్ ఊపిరి బిగబట్టాడు.
నెమెసియో వంగి, బొటనవేలితో
ఆ గాడి వెంట చివరిదాకా వెళ్ళాడు,
అదే దారిన వెనక్కొచ్చాడు.

"అటక మీద మూడు పలకలు మిగిలాయి, మార్చెయ్" అన్నాను.
"ఉండనీ" అన్నాడు.
"ఇల్లంతా వెతికినా
ఇలాంటిది ఇంకోటి లేదు."

బయట వాన పట్టింది.
కుక్కలు లోపలికొచ్చి
నేల మధ్యలో ఒళ్ళు దులుపుకున్నాయి.